రెండు చుక్కల నడుమ గీత

మా మేనకోడలికి పద్నాలుగేళ్ళు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో వాళ్ళింట్లో 61 మెట్ల కీబోర్డు ఉంది, మూడేళ్ళుగా నేర్చుకుంటోంది. కుడిచేతికి ఏ నోట్స్ ఇచ్చినా చూసి వాయించేస్తుంది. ఎడమచెయ్యి మాత్రం స్టైల్ (తాళమూ వాద్యాలూ మిషనే వాయించే సదుపాయం) ఆన్ చేసి కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం) పట్టుకోవడం దగ్గరే ఉండిపోయింది. ఈ వేసవి సెలవుల్లో బీథోవెన్ పియానో రచన ‘ఫర్ ఎలీజ్’ మొదలుపెట్టింది. కుడిచేతి వరస రెండు రోజుల్లో వచ్చింది. మూడో రోజు ఎడమచేతి స్వరాలు రాసి ఉండే కింది స్టాఫ్ (అయిదు గీతల వరస) వైపు చూసి, కీబోర్డు ఆపేసి, నాకు ఫోన్ చేసింది. “ఏటి మావయ్యా ఇది? పైనా అయిదు గీతలే, కిందా అయిదు గీతలే. పైన అడుగు గీత ఇ అయితే, కింద అదే గీత జి ఎలగయిపోయింది?”

చాలామంది ఈ ప్రశ్న అడగరు. బేస్ క్లెఫ్ (కింది స్టాఫ్ మొదట్లో ఉండే గుర్తు) అంటే బట్టీ పట్టాల్సిందేననుకుని మొదలుపెడతారు, నెల తిరక్కుండా వదిలేస్తారు. హార్మోనియం మీంచి కీబోర్డుకి మారినప్పుడు నేనూ బట్టీనే నమ్ముకున్నాను. ఏడాది గడిచినా ఎడమచేతి వరస చూసి నాలుగు బార్లు (తాళం ఆవర్తనాల్లాంటి ముక్కలు) ఆగకుండా వాయించలేకపోయాను. అర్థం చేసుకోవాల్సింది ఒక్కటే ఉందని, అది తెలిస్తే బట్టీ పట్టాల్సింది చాలా కొంచెమని తర్వాత తెలిసింది. బేస్ క్లెఫ్ రెండో లిపి కాదు. పై స్టాఫ్ మొదట్లో ఉండే ట్రెబుల్ క్లెఫ్ ఏ నిచ్చెనకి పై సగమో, ఇది ఆ నిచ్చెనకే కింది సగం.

ఇంగ్లిష్ పద్ధతిలో స్వరాల పేర్లు ఏ నుంచి జి దాకా ఏడు అక్షరాలు. స్టాఫ్ మీది గీతలకి సొంత పేర్లు లేవు. ఎడమ చివర గీసిన క్లెఫ్ గుర్తు ఒకే ఒక్క గీతకి పేరు పెడుతుంది, మిగతావన్నీ అక్కణ్ణించి లెక్క. ట్రెబుల్ క్లెఫ్ అసలు జి అనే అక్షరం. వందల ఏళ్ళ చేతిరాతలో మెలికలు తిరిగి ఇప్పటి రూపానికి వచ్చింది. దాని చుట్ట కింది నుంచి రెండో గీతని చుట్టుకుని ఇది జి అని చెబుతుంది. బేస్ క్లెఫ్ కూడా అలాంటిదే, కాకపోతే ఎఫ్ అనే అక్షరం. ఎఫ్‌కి ఉండే రెండు చేతులే ఇవాళ మనకి కనిపించే రెండు చుక్కలు. ఆ చుక్కల నడుమ నుంచి వెళ్ళే గీత, అంటే కింది నుంచి నాలుగోది, ఎఫ్. పాత రోజుల్లో ఈ గుర్తుని మూడో గీత మీద కూడా పెట్టేవారు. అందుకే ‘నాలుగో గీత ఎఫ్’ అనేకంటే ‘చుక్కల నడుమ గీత ఎఫ్’ అని గుర్తుపెట్టుకోవడం మేలు. కన్ను వెతకాల్సింది చుక్కల్నే.

11వ శతాబ్దంలో ఇటలీలో అరెజ్జో ఊరి గ్విడో అనే క్రైస్తవ సన్యాసి గీతల మీద స్వరాలు రాసే పద్ధతిని స్థిరపరిచాడు. ఆయన ఎఫ్ గీతకి ఎరుపు, సి గీతకి పసుపు రంగు వేయించేవాడు. పాడేవాడి కన్ను తడుముకోకుండా ఉండాలని. వెయ్యేళ్ళ నాటి ఆ ఉపాయం కంటే మంచిది నాకింతవరకు దొరకలేదు. మేనకోడలి చేత మొదట చేయించిన పని కూడా అదే. ఆ పేజీకి జిరాక్స్ తీయించి, కింది స్టాఫ్‌లో చుక్కల నడుమ గీతని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్ర పెన్సిల్‌తో దిద్దమన్నాను. రెండు స్టాఫుల మధ్య ఖాళీలో పసుపు రంగుతో ఒక్క గీత గీయమన్నాను. ఆ పసుపు గీతే మిడిల్ సి, కీబోర్డు నడుమకి దగ్గరగా ఉండే సి.

తికమక అంతా పుట్టేది ఈ ఖాళీలోనే. అచ్చు పుస్తకంలో పై స్టాఫ్‌కీ కింది స్టాఫ్‌కీ మధ్య చాలా ఎడం ఉంటుంది. అది వేళ్ళ నంబర్లకీ, మెల్లగా వాయించు, గట్టిగా వాయించు అనే గుర్తులకీ వదిలిన చోటు. సంగీతపరంగా అక్కడ ఉన్నది ఒకే ఒక్క గీత. బేస్ పై గీత ఏ, దాని మీద బి, ఆ పైన సి. ట్రెబుల్ అడుగు గీత ఇ, దాని కింద డి, ఆ కింద సి. రెండు సి లూ ఒకటే, కీబోర్డు మీద ఒకే మెట్టు. అంటే అయిదు గీతలు, మధ్యలో ఒకటి, మళ్ళీ అయిదు. మొత్తం 11 గీతల నిచ్చెన. పదకొండు గీతలూ ఒకే గుంపుగా ఉంటే కన్ను లెక్క తప్పుతుంది కాబట్టి నడిమి గీతని చెరిపేసి, అవసరమైన చోట మాత్రం చిన్న ముక్కగా గీస్తారు. స్టాఫ్ బయట గీసే అలాంటి ముక్కే లెడ్జర్ లైను. ఇక బేస్ క్లెఫ్ అనేదే లేకుండా అంతా ట్రెబుల్‌లోనే రాద్దామంటే, బేస్ అడుగు గీత మీదున్న జి కోసం ట్రెబుల్ కింద ఆరు లెడ్జర్ లైన్లు వేలాడదీయాలి. ఆరు గీతల కింద వేలాడే నోటుని ఎవరు చదవగలరు?

ఇక్కడ కీబోర్డు ముందు కూర్చోండి. రెండు బొటనవేళ్ళూ మిడిల్ సి మీదే పెట్టండి. కుడిచేతి వేళ్ళు వరసగా తెల్ల మెట్ల మీద పరిస్తే చిటికెనవేలు జి మీదికి వస్తుంది. ఎడమచేతి వేళ్ళు అలాగే పరిస్తే చిటికెనవేలు ఎఫ్ మీదికి వస్తుంది. ట్రెబుల్ క్లెఫ్ పేరు పెట్టిన గీత ఒక చిటికెనవేలి కింద, బేస్ క్లెఫ్ పేరు పెట్టిన గీత రెండో చిటికెనవేలి కింద. నాకు ఇది తెలిసిన రోజు చాలాసేపు చేతులు తీయబుద్ధి కాలేదు. సి లన్నీ ఇదే పొందికతో ఉంటాయి. మిడిల్ సి కి పై సి ట్రెబుల్‌లో పై నుంచి రెండో గదిలో ఉంటుంది (గీతల మధ్య ఖాళీల్ని గదులంటున్నాను), కింది సి బేస్‌లో కింది నుంచి రెండో గదిలో. ఇంకా పై సి ట్రెబుల్ మీద రెండో లెడ్జర్ లైను, ఇంకా కింది సి బేస్ కింద రెండో లెడ్జర్ లైను. 61 మెట్ల కీబోర్డులో ఎడమ చివరి మెట్టు ఆఖరున చెప్పిన ఆ సి యే. అక్కణ్ణించి తెల్ల మెట్లు లెక్కపెడితే అయిదోది బేస్ అడుగు గీత, పదకొండోది ఎర్ర గీత, పదిహేనోది మిడిల్ సి.

మన సంగీతం తెలిసినవాళ్ళకి ఇంకో దారి ఉంది. 1 శ్రుతిలో, అంటే సి ని షడ్జం (స) చేసుకుంటే, తెల్ల మెట్లన్నీ కలిపి శంకరాభరణం రాగం. అప్పుడు ఎర్ర గీత మంద్రస్థాయి మధ్యమం, దాని మీది గది మంద్ర పంచమం. గాత్రం నేర్చుకున్నవాళ్ళు మామూలుగా మంద్ర పంచమం దాకా దిగి మళ్ళీ పైకి వస్తారు. బేస్ స్టాఫ్‌లో ఎక్కువ భాగం దానికి కిందే ఉంది. అడుగు గీత ఏకంగా అనుమంద్ర పంచమం, అంటే మంద్రానికీ ఒక స్థాయి కింద. అంటే ఎడమచేతి నోట్లు కంటికే కాదు, చెవికీ కొత్త. పాడి చూసుకుని సరిచేసుకునే వీలు మనలో చాలామందికి ఉండదు. పైగా చిన్న కీబోర్డుల్లో ఉండే చిన్న స్పీకర్లు ఆ అడుగు స్వరాల్ని సరిగ్గా పలకవు. ఎడమచేతి సాధన హెడ్‌ఫోన్ పెట్టుకుని చేయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

చెవికి ఆ స్వరాలు ఎక్కడ పరిచయం చేయాలా అని ఆలోచిస్తే మన ఊళ్ళోనే జవాబుంది. బేస్ స్టాఫ్ అడుగు గీత 98 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు), పై గీత 220. ఓడలు సముద్రంలో ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనల్లో ఏ పొడవు ఓడ హారన్ ఎంత బొంగురుగా మోగాలో రాసి ఉంది. 200 మీటర్లు, ఆ పైన పొడవున్న ఓడల హారన్ మూలధ్వని 70 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉండాలి. 75 మీటర్ల లోపు వాటికి 250 నుంచి 700. ఈ అంకెల్ని స్టాఫ్ మీద పెట్టి చూడండి. పెద్ద ఓడ బేస్ అడుగు గీత కన్నా కాస్త కింద మొదలై మంద్ర పంచమం ఉన్న పై గది దాకా పలుకుతుంది. చిన్నది దాదాపు మిడిల్ సి దగ్గర మొదలై ట్రెబుల్ పై గీత దాకా. రాత్రిపూట హార్బరు వైపు నుంచి వన్‌టౌన్ మేడల మీదుగా వచ్చే ఆ బరువైన హారన్ బేస్ క్లెఫ్‌లో రాయాల్సిన స్వరం. ఆ సంగతి చెప్పాక మేనకోడలు ఆర్కే బీచిలో నిలబడి రెండు హారన్లు విని, ఏది ఏ స్టాఫ్‌దో తనే చెప్పింది.

ఇప్పుడు పేర్లు. ఇంగ్లిష్ పుస్తకాలు బేస్ గీతలకీ గదులకీ తమాషా వాక్యాలు ఇస్తాయి: మంచి పిల్లల గురించి ఒకటి, గడ్డి తినే ఆవుల గురించి ఇంకొకటి. ట్రెబుల్‌కి మళ్ళీ వేరే వాక్యాలు. నాలుగు వాక్యాలు, ఏది దేనిదో గుర్తుంచుకోవడానికి అయిదోది కావాలేమో. మనకి ఇంత అవసరం లేదు. స నుంచి ఒక స్వరం విడిచి ఒక స్వరం అనుకుంటూ వెళ్ళండి: స గ ప ని రి మ ద, మళ్ళీ స. ఏడు స్వరాల గొలుసు, చివర మొదటికే కలుస్తుంది. అక్షరాల్లో అయితే సి ఇ జి బి డి ఎఫ్ ఏ. స్టాఫ్ మీద గీత నుంచి పై గీతకి వెళ్ళినా, గది నుంచి పై గదికి వెళ్ళినా మధ్యలో ఒక స్వరం దాటుతాం కాబట్టి, ఏ క్లెఫ్ అయినా ఈ గొలుసులో ఒక ముక్కే. బేస్ గీతలు ప ని రి మ ద. బేస్ గదులు ద స గ ప. ట్రెబుల్ గీతలు గ ప ని రి మ, గదులు మ ద స గ. వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా వాయించేవాళ్ళ ఆల్టో క్లెఫ్‌లో నడిమి గీత సి, అక్కడ గీతలు మ ద స గ ప. ఇందాకటి 11 గీతల నిచ్చెన మొత్తం చదివితే ప ని రి మ ద, స, గ ప ని రి మ. ఎక్కడా తెగలేదు. మేనకోడలి ప్రశ్నకి జవాబు ఇదే. కింద గీతలకి పేర్లు మారలేదు, గొలుసుని ఇంకాస్త కింద పట్టుకుని మొదలుపెట్టాం, అంతే.

ఈ గొలుసుని ముందుకీ వెనక్కీ సరళీ వరసల్లా నోటికి వచ్చేదాకా అనుకోవాలి. రెండు రోజుల పని. స్వరాల పేర్లతో అనుకోవడంలో ఇంకో లాభం ఉంది. బి, సి, డి, ఇ, జి అన్నీ చెవికి ఒకేలా వినిపిస్తాయి, ముఖ్యంగా ఫోన్లో. ని, స, రి, గ, ప అలా కలిసిపోవు. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. అయిదు శ్రుతిలోనో అయిదున్నర శ్రుతిలోనో పాడేవాళ్ళకి షడ్జం అక్కడ ఉంటుంది. స్టాఫ్ మాత్రం శ్రుతి మార్చుకోదు, దాని సి ఎప్పుడూ ఆ మెట్టే. వాళ్ళు మొదటి నుంచీ అక్షరాల పేర్లే అలవాటు చేసుకుంటే మంచిది.

ట్రెబుల్ బాగా వచ్చినవాళ్ళకి ఎవరో ఒకరు ఒక అడ్డదారి చెబుతారు. బేస్‌లో నోటుని ట్రెబుల్ అనుకుని చదివి రెండు అక్షరాలు కలుపుకో అని. అడుగు గీత ఇ, రెండు కలిపితే జి. లెక్క సరైనదే. కానీ ఈ దారిని నేను గట్టిగా వద్దంటాను. బెంగళూరు వెళ్ళిన తెలుగువాడు కన్నడ బోర్డుని తెలుగు కళ్ళతో చదివినట్టుంటుంది. ముప్పావు వంతు తెలిసినట్టే ఉండి, ప్రతి అక్షరం దగ్గరా ఒక్క క్షణం తడబడతాడు. బస్సు వెళ్ళిపోతుంది. సంగీతంలో ఆ క్షణం ఉండదు. పైగా రెండు కలుపుకుంటే పేరు వస్తుంది గానీ స్థాయి రాదు. పేరు జి అని తేలాక చెయ్యి అలవాటుగా మిడిల్ సి కి పైనున్న జి మీదికే పోతుంది. రావాల్సింది దానికి రెండు స్థాయిల కింద ఉన్న జి.

నోటు కింద పెన్సిల్‌తో అక్షరాలు రాసుకోవడం కూడా ఇలాంటిదే. కన్ను నోటుని చూడడం మానేసి అక్షరాన్నే చదువుతుంది. ఎన్నేళ్ళు వాయించినా చదవడం మొదటి రోజు దగ్గరే ఉంటుంది. రంగులు దిద్దినా ఎర్ర గీతా పసుపు గీతా రెండే చాలని, అన్నిటికీ రంగులు వద్దని అనేది కూడా అందుకే.

మరి ఎలా చదవాలి? గాజువాక నుంచి మద్దిలపాలెం వచ్చే బస్సులో కూర్చున్నవాడు స్టాపులు వేళ్ళ మీద లెక్కపెట్టడు. ఎన్ఏడీ వచ్చింది, గురుద్వారా దాటాం, ఇక లేవాలి అనుకుంటాడు. గుర్తులు నాలుగే, మధ్యవి వాటి పక్కన ఉన్నవి. బేస్ స్టాఫ్ మీద కూడా అలాంటి గుర్తులు నాలుగు చాలు: ఎర్ర గీత ఎఫ్, పసుపు గీత మిడిల్ సి, కింది నుంచి రెండో గది సి, అడుగు గీత జి. ఈ నాలుగూ పేరుతో కాదు, మెట్టుతో కలిసి గుర్తుండాలి. ఎర్ర గీత చూడగానే ‘ఎఫ్’ అనే మాట కంటే ముందు, మిడిల్ సి కి ఎడమవైపున్న మూడు నల్ల మెట్ల గుంపూ, దాన్ని ఆనుకుని ఎడమపక్కన ఉన్న తెల్ల మెట్టూ మనసులో మెదలాలి. సి అంటే రెండు నల్ల మెట్ల గుంపుకి ఎడమపక్క మెట్టు. జి అయితే మూడు నల్ల మెట్లలో మొదటి రెండింటి మధ్య. మాట మధ్యలో లేకుండా కన్ను నుంచి చేతికి తిన్నగా దారి పడాలి. తెలుగు చదివేటప్పుడు మనం అక్షరాలు కూడబలుక్కోం కదా, మాట మొత్తం ఒక్కసారే కనిపిస్తుంది. అదే ఇక్కడా.

గుర్తుల మధ్య ఉన్నవాటికి దూరం చూడాలి. గీత నుంచి పక్క గదికి అయితే పక్క మెట్టు. గీత నుంచి పక్క గీతకి, గది నుంచి పక్క గదికి అయితే ఒక తెల్ల మెట్టు దాటాలి. మధ్యలో ఒక గీతనో గదినో వదిలేసి ఆ పైదానికి వెళితే స నుంచి ప కి ఉన్న దూరం. స్థాయి మారితే మాత్రం తప్పకుండా గీత గది అవుతుంది, గది గీత అవుతుంది. మొదటి గదిలో ఉన్న ఏ కి పై స్థాయి ఏ పై గీత మీద ఉంటుంది. ఇది తప్పే అవకాశమే లేదు. స నుంచి పై స కి ఏడు అడుగులు, ఏడు బేసి సంఖ్య.

‘ఫర్ ఎలీజ్’ ఎడమచెయ్యి దీనికి చక్కటి పాఠం. కుడిచేతి మొదటి పలుకు ఏ మీద ఆగగానే ఎడమచెయ్యి మూడు నోట్లు కింది నుంచి పైకి అల్లుతుంది: మొదటి గది, మూడో గది, పై గీత. పేర్లు అడిగితే ఏ, ఇ, ఏ. కానీ పేర్లు అడక్కుండా చూడండి. మొదటి గది జి గుర్తుకి ఆనుకుని పైన ఉంది, అంటే జి పక్క మెట్టు. అక్కణ్ణించి మధ్యలో ఒక గది వదిలి పై గది, అంటే స-ప దూరం. తర్వాత పై గీత, మొదటి నోటుకే పై స్థాయి. చిటికెనవేలు, చూపుడువేలు, బొటనవేలు. చెయ్యి ఆకారం పేజీ మీదే కనిపిస్తోంది. ఇలా కనిపించడం మొదలైతే మూడు నోట్లు మూడు కావు, ఒక్క మాట.

ఒక చిన్న చిక్కు కూడా చెప్పాలి, దీనివల్ల పిల్లలు అనవసరంగా భయపడుతున్నారు. శాస్త్రం లెక్కలో మిడిల్ సి ని సి4 అంటారు. యమహా కీబోర్డులు దాన్నే సి3 అంటాయి. పుస్తకంలో ఒకటి, డిస్‌ప్లేలో ఒకటి కనిపిస్తే పుస్తకం తప్పనో కీబోర్డు చెడిపోయిందనో అనుకోవద్దు. నంబర్ వదిలేసి పసుపు గీతని నమ్ముకోండి.

సాధన విషయంలో నేను అడిగేది రోజుకి పది నిమిషాలు, స్టైల్ ఆఫ్ చేసి, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని. స్టైల్ మీద నాకు కోపం లేదు. పెళ్ళిలో పాటకి అది బ్యాండు మొత్తాన్ని తెస్తుంది. కానీ అందులో ఎడమచెయ్యి కార్డ్ పేరు చెబితే చాలు, వరస మిషను వాయిస్తుంది. చదవాల్సిన పనే చేతికి రాదు. రోజూ ఒక కొత్త పేజీ కావాలి, ఎంత తేలికదైనా సరే. పాత పేజీ అయితే మూడో రోజుకి వేళ్ళే గుర్తుపెట్టేసుకుంటాయి, కన్ను విశ్రాంతి తీసుకుంటుంది.

ఇరవై రోజుల తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. రంగుల జిరాక్స్ పక్కన పెట్టేసి మామూలు పేజీ ముందు కూర్చుంది. మొదటి మూడు నోట్లూ తడుముకోకుండా వచ్చాయి. తర్వాతి అల్లికలో మొదటి నోటు స్టాఫ్‌లో లేదు, అడుగు గీతకి కింద ఒక లెడ్జర్ లైను మీద వేలాడుతోంది. అక్కడ ఆగింది. నేను నోరు విప్పలేదు. దాని పక్కనున్న రెండో నోటుని చూసింది, మూడో గది. మళ్ళీ కిందకి చూసింది.

“మావయ్యా, అది గదిలో ఉంది, ఇది గీత మీద ఉంది. మధ్యలో ఏడు అడుగులున్నాయి. అంటే ఇదీ ఇ యేనేటి, కింది స్థాయిది?”

జవాబు కోసం ఆగలేదు. చిటికెనవేలు ఎడమ చివర నుంచి మూడో తెల్ల మెట్టు మీదికి వెళ్ళింది. హెడ్‌ఫోన్ తనకే ఉంది కాబట్టి నాకు వినిపించలేదు గానీ, ఆ తర్వాత బొటనవేలు పై గదిలోని జి షార్ప్ కోసం నల్ల మెట్టు మీదికి తిన్నగా వెళ్ళడం చూశాను.